బిట్రగుంట యార్డు మేడ మీద గదిలో పడుతుందా, మాస్టారూ?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది కావలి. హైస్కూల్లో సోషల్ చెప్తాను, ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్. మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేశారు, నేను పెరిగింది ఆ రైల్వే క్వార్టర్స్‌లోనే. మొన్న మా అబ్బాయి డల్లాస్ నుంచి వస్తా హెచ్‌ఓ స్కేలు (అసలు రైలుకి 87లో ఒక వంతు) మోడల్ ట్రైన్ సెట్టు ఒకటి తెచ్చాడు, సెకండ్ హ్యాండ్‌ది. ఒక డీజిల్ ఇంజను, నాలుగు వ్యాగన్లు, గుండ్రంగా వేసుకునే పట్టాలు. కన్వర్టర్ ఒకటి పెట్టి నడిపి చూపించాడు, పోతా పోతా అది తీసుకుపోయాడు. ఇప్పుడు మన ప్లగ్గులో డైరెక్టుగా పెట్టొచ్చా? నడిచినప్పుడు కూడా ఇంజను ఆగి ఆగి పోయింది, వేలితో నెడితేనే కదిలేది. మేడ మీద పది బై తొమ్మిది గది ఖాళీగా ఉంది. అందులో బిట్రగుంట కట్టాలని నా కోరిక: ఆవిరింజన్లు, షెడ్డు, యార్డు, మెయిన్ లైన్లో మొత్తం పెట్టెలతో పినాకిని ఎక్స్‌ప్రెస్. మా ఆవిడేమో ఈ వయసులో బొమ్మలేంది, రిటైర్మెంట్ డబ్బులు దీంట్లో పోస్తారా అంటోంది. ఇంకా చిన్నదైన ఎన్ స్కేలుకి మారమని ఒకరు, డిజిటల్‌ది కొనమని ఇంకొకరు చెప్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మాస్టారూ, నమస్తే. ముందు కరెంటు సంగతి, ఎందుకంటే మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ ఇది ఆగదు. సెట్టుతో వచ్చిన అడాప్టర్ని డైరెక్టుగా మన ప్లగ్గులో పెట్టొద్దు. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ అని రాసుంటుంది చూడండి, 100–240 అని ఉంటే భయం లేదు, పిన్ను మార్చే సాకెట్టు ఒకటి తెచ్చుకుంటే చాలు. ఉత్త 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టిన కాసేపటికే కాలి వాసన వస్తుంది, ఒక్కోసారి దాంతో పాటు కంట్రోలర్ కూడా పోతుంది. అట్టా ఉంటే దాన్ని పక్కన పెట్టేసి, అవుట్‌పుట్ దగ్గర ఎన్ని వోల్టులు, ఏసీనా డీసీనా, ఎన్ని ఆంపియర్లు, పిన్ను లోపలి వైపు ప్లస్సా మైనస్సా ఇవన్నీ ఫోన్లో ఫోటో తీసుకుని నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏదన్నా ఎలక్ట్రానిక్స్ షాపుకి పోయి, 230 ఇన్‌పుట్‌తో అదే అవుట్‌పుట్ ఇచ్చేది అడగండి. ఆంపియర్లు కొంచెం ఎక్కువున్నా ఫర్వాలేదు, వోల్టులు మాత్రం మారకూడదు.

ఇక ఇంజను ఆగి ఆగి పోవటం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనపడింది ఇదే, ఎందుకంటే ఈ హాబీ మొదలుపెట్టి ఆరు నెలల్లో అటక మీద పెట్టేసేవాళ్లలో ఎక్కువ మంది డబ్బు చాలక మానేయరు, వేలితో నెట్టి నెట్టి విసుగొచ్చి మానేస్తారు. హెచ్‌ఓ ఇంజనుకి కరెంటు వచ్చేది రెండు పట్టాల నుంచి, చక్రాల మీదుగా. ఎడమ పట్టా ఒక తీగ, కుడి పట్టా ఇంకో తీగ అనుకోండి. చక్రం పట్టాని తాకే చోటు ఆవగింజంత కూడా ఉండదు, ఆ చోట కొంచెం మురికి, కొంచెం తుప్పు అడ్డం పడితే చాలు ఇంజను ఆగిపోతుంది. మోటారు చెడిపోయిందేమోనని కంగారు పడొద్దు.

ఎక్కడ తప్పుందో కనుక్కోటానికి ఒక పద్ధతుంది. ఇంజను ప్రతి రౌండులో ఒకే చోట ఆగుతుంటే తప్పు పట్టాలది. రౌండుకో చోట ఆగుతుంటే తప్పు చక్రాలది. ఒకే చోట ఆగేదైతే అక్కడ రెండు పట్టాలు కలిపే క్లిప్పు వదులైందేమో చూడండి, పక్కకి తీసి ముక్కుపటకారుతో మెల్లిగా నొక్కి మళ్లీ తొడగండి. చక్రాలదైతే ఇంజన్ని తిరగేసి, మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్ బడ్‌తో చక్రాల అంచులు తుడవండి, బడ్ మీద నల్లగా జిడ్డు దిగుతుంది, అది దిగటం ఆగిందాకా తుడవండి. ఐపీఏ అంటే మొబైల్ రిపేర్ షాపుల్లో ఇస్తారు. పట్టాలకి కూడా అదే, నూలు రాలని గుడ్డతో. తుడిచేటప్పుడు కరెంటు ఆపి ఉంచండి, అది మండే సరుకు, ఆరినాకే నడపండి. ఉప్పు కాయితంతో మాత్రం పట్టాలు రుద్దొద్దు మాస్టారూ, మొదటి రోజు తళతళలాడతాయి, ఆ గీతల్లో మురికి చేరి వారానికల్లా ముందుకన్నా అధ్వానం అవుతాయి. ఇంజనుకి కొబ్బరి నూనె పోయమని ఎవరన్నా చెప్తే వినొద్దు, అది గడ్డకట్టి గేర్లు పట్టేస్తుంది. ప్లాస్టిక్‌ని పాడు చెయ్యని పల్చటి ఆయిల్, సూది మొన మీద నిలిచే చుక్క, అంతే.

మన ప్రాంతానికి ఇంకో సంగతి కలుస్తుంది. కావలి అంటే సముద్రం పక్కనే, ఉప్పు గాలి. మీ సెట్టు పట్టాలు దేనితో చేసినవో చూసుకోండి. బాక్‌మన్ వాళ్ల ఈజీ ట్రాక్ అయితే పట్టా కింద ప్లాస్టిక్ కంకర దిమ్మ నల్లగా ఉంటే అది స్టీలు పట్టా, బూడిద రంగులో ఉంటే నికెల్ సిల్వర్. వేరే కంపెనీదైతే అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే స్టీలే. స్టీలు మన గాలికి తుప్పు పట్టకుండా ఉండదు, ఒక వానాకాలం చాలు. అందుకని ఆ పాత పట్టాల మీద ఎక్కువ కష్టపడొద్దు, నేర్చుకోటానికి వాడుకోండి. కొత్తగా కొనేవి మాత్రం నికెల్ సిల్వర్ అయ్యుండాలి. పేరుకి సిల్వర్ గానీ అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, తుప్పు పట్టదు, అప్పుడప్పుడు తుడిస్తే చాలు.

ఇప్పుడు గది. పది బై తొమ్మిది అంటే పొడుగు మూడు మీటర్లు. హెచ్‌ఓ అంటే 87లో ఒక వంతు. మన ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టె దాదాపు ఇరవై మూడున్నర మీటర్లు, అంటే హెచ్‌ఓలో ఒక్కోటి 27 సెంటీమీటర్లు. పెట్టెలు ఇరవై రెండు అనుకుని ఇంజను కూడా కలుపుకుంటే ఆరు మీటర్లు దాటింది, మీ గదికి రెట్టింపు. ఎన్ స్కేలు 160లో ఒక వంతు కాబట్టి దాంట్లో చూసినా మూడు మీటర్ల పైమాటే, స్టేషన్లో నిలబెడితే రైలు ఈ గోడ నుంచి ఆ గోడకి తగిలి ఇంకా మిగులుద్ది. అంటే పూర్తి పెట్టెలతో పినాకిని మీ గదిలో ఈ రెండు స్కేళ్లలోనూ కుదరదు. అందుకని దానికోసం ఎన్‌కి మారాల్సిన పనిలేదు, పైగా రిటైర్మెంట్ వయసు కళ్లకీ వేళ్లకీ ఎన్ స్కేలు చక్రాలు పట్టాల మీద కూర్చోబెట్టటం రోజూ ఒక పరీక్షే. చేతిలో హెచ్‌ఓ ఉంది, దాంట్లోనే ఉండండి.

గుండ్రపు పట్టాల సంగతి కూడా చెప్తాను. సెట్లలో వచ్చే వంపు మామూలుగా 18 అంగుళాల రేడియస్, చిన్న గూడ్సు వ్యాగన్లకి సరిపోద్ది. పొడుగు పాసింజర్ పెట్టెలు ఆ వంపులో తిరిగితే పెట్టె మధ్య భాగం లోపలికి, మూలలు బయటికి పొడుచుకొస్తాయి, చూడటానికి బాగోదు, కొన్ని పట్టా తప్పుతాయి కూడా. వాటికి 24 అంగుళాల వంపన్నా కావాలి, అంటే నాలుగున్నర అడుగుల వెడల్పు బల్ల. ఆ బల్ల గోడకి ఆనించి వేస్తే గోడ వైపున్న పట్టా మీద రైలు పడితే అందుకోటానికి మంచం కింద దూరినట్టు దూరాలి. గుండ్రంగా తిరిగే రైలుని ఎంతసేపు చూస్తారు చెప్పండి, మనవడైతే ఒక సాయంత్రం చూస్తాడు.

నేను చెప్పేది ఏందంటే, గుండ్రం వద్దు, మెయిన్ లైన్ వద్దు, యార్డు కట్టండి. మీరు పెరిగిన ఊరే దానికి సమాధానం. బిట్రగుంటకి పేరొచ్చింది ఎక్స్‌ప్రెస్‌లు ఆగినందుకు కాదు కదా, లోకో షెడ్డుకీ మార్షలింగ్ యార్డుకీ. వచ్చిన గూడ్సుని విడగొట్టి, ఏ వ్యాగన్ ఎటు పోవాలో చూసి, మళ్లీ వరసలో కూర్చి పంపటమే అక్కడ రేయింబవళ్లు జరిగిన పని. మీ నాన్నగారి డ్యూటీలో మీరు చిన్నప్పుడు చూసింది కూడా ముందుకీ వెనక్కీ షంటింగే ఎక్కువ ఉంటుంది. ఆ పనిని బల్ల మీద చెయ్యొచ్చు, అదీ ఏడడుగుల పొడుగు, అడుగు వెడల్పు చెక్క మీద.

ఇంగ్లండులో అలన్ రైట్ అనే మోడలర్ చేసిన ప్లాన్ ఒకటుంది, ఇంగ్లెనూక్ సైడింగ్స్ అంటారు. మొత్తం మూడు లైన్లు, రెండు పాయింట్లు, అంటే రైలుని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే కదిలే పట్టాలు. ఒక లైన్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండిట్లో మూడేసి. ఇవతల వైపు ఇంజనూ మూడు వ్యాగన్లూ పట్టేంత పట్టా, అంతకన్నా ఒక్క వ్యాగన్ కూడా ఎక్కువ పట్టకూడదు. వ్యాగన్లు ఎనిమిది. ఎనిమిదికీ నంబర్లేసి చీటీలు తియ్యండి, మొదట వచ్చిన ఐదు నంబర్లు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే పెద్ద లైన్లో ఐదు వ్యాగన్లు నిలబెట్టాలి, అదీ చేత్తో ఎత్తకుండా, ఇంజనుతోనే లాగుతా, నెడతా, విడగొడతా, కలుపుతా. వినటానికి తేలికే. కూర్చుంటే తెలుస్తుంది, మూడోది బయటికి తియ్యాలంటే ముందు రెండిటినీ ఎక్కడ దాచాలి, అవి దాస్తే ఆ లైన్లో ఉన్నవి ఎట్టా తియ్యాలి అని తల పని చేస్తా ఉంటుంది. ఎనిమిదిలో ఐదు వరసగా పెట్టే పద్ధతులు 6720, కాబట్టి మొన్న ఆడిందే మళ్లీ వచ్చిందని విసుగు పుట్టదు. మీ ఆవిడ గారిని ఒకసారి కంట్రోలర్ దగ్గర కూర్చోబెట్టి చీటీలు ఆమెతోనే తీయించండి, బొమ్మలు అన్న మాట మళ్లీ అంటారేమో చూద్దాం.

కొలత ఎట్టా వస్తుందో చెప్తాను. మీ సెట్టులో అమెరికా బాక్స్ వ్యాగన్లు ఉండుంటాయి, కప్లింగుతో కలిపి ఒక్కోటి 15 సెంటీమీటర్ల చుట్టూ ఉంటాయి, టేపు పెట్టి కొలుచుకోండి. ఐదు వ్యాగన్లకి 75. రెండు పాయింట్లకి దగ్గర దగ్గర 40. ఇవతల మీ డీజిల్ ఇంజను 20, మూడు వ్యాగన్లు 45, మొత్తం 65. అన్నీ కలిపితే 180 సెంటీమీటర్లు, అంటే ఆరడుగులు. చివర్లలో బఫర్లకీ చెయ్యి పెట్టటానికీ ఒక అడుగు వదిలితే ఏడడుగులు. మీ పదడుగుల గోడ వెంట ఇంకా బీరువా పట్టే చోటు మిగులుద్ది. నాలుగు వ్యాగన్లు మీ దగ్గరున్నాయి, ఇంకో నాలుగు కావాలి, రెండు పాయింట్లు కావాలి. అంతే కొనుగోలు.

పాయింట్లు కొనేటప్పుడు పిసినారితనం చూపించొద్దు. పాయింటు మధ్యలో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట కొన్నిటికి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అక్కడ కరెంటు రాదు, షంటింగులో ఇంజను చీమ నడకలా నడుస్తుంది కాబట్టి సరిగ్గా అక్కడే చచ్చిపోతుంది. ఆ భాగం కూడా లోహంతో ఉండి కరెంటు వచ్చే రకం తీసుకోండి, పెకో లాంటి కంపెనీలవి దొరుకుతాయి. దాని వైరింగ్ కొంచెం వేరేగా ఉంటుంది, ఆ పాయింటు దాటినాక వచ్చే పట్టాల్లో లోపలి పట్టాలకి ప్లాస్టిక్ క్లిప్పులు తొడగాలి, లేకపోతే షార్ట్ అవుతుంది. కంట్రోలర్ నుంచి ఒక్క చోటే తీగ ఇచ్చి వదిలేయొద్దు, ప్రతి లైనుకీ విడిగా ఒక జత తీగలు కింద నుంచి తెచ్చి పట్టాల పక్కన సోల్డర్ చెయ్యండి. క్లిప్పుల మీద నమ్మకం పెట్టుకుంటే మళ్లీ వేలితో నెట్టటమే.

బల్లకి ఎండీఎఫ్ వద్దు, మన గాలికి ఉబ్బుతుంది. 12 ఎంఎం బీడబ్ల్యూపీ (నీళ్లకి తట్టుకునే రకం) ప్లైవుడ్, కింద రీపర్లతో ఫ్రేము, చెదల మందు కొట్టించి, రెండు వైపులా ప్రైమర్ వేయించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు కదా, ఆ రోజుల్లో చెక్క కోయించొద్దు, తేమ తాగిన చెక్క ఎండాకాలం వచ్చేసరికి వంకర పోతుంది. మేడ మీద గది అంటున్నారు, మే నెలలో లోపల ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. రెండు మీటర్ల పట్టా ఆ వేడికి అర మిల్లీమీటరు పైనే సాగుతుంది, ఖాళీ లేకుండా బిగిస్తే విల్లులా లేస్తుంది. అందుకని మూడు నాలుగు అతుకుల దగ్గర పోస్టుకార్డు మందం ఖాళీ వదలండి. పట్టాల కింద 3 ఎంఎం కార్కు షీటు వేస్తే చప్పుడు తగ్గుతుంది, రాత్రి పూట కింద పడుకున్నవాళ్లకి వినపడదు.

కంకర దగ్గర మన జిల్లాల వాళ్లకి ఉన్న అవకాశం ఇంకెవరికీ లేదు. బయట హెచ్‌ఓ కంకర అని చిన్న ప్యాకెట్లు అమ్ముతారు, అవసరం లేదు. పెన్న ఇసక తెచ్చి, కడిగి, ఎండబెట్టి, టీ వడపోసే జాలితో ఒకసారి, పిండి జల్లెడతో ఒకసారి పట్టండి, మధ్యలో మిగిలింది సరిపోద్ది. మైపాడు, కొత్తపట్నం బీచ్ ఇసక మాత్రం వద్దు, అందులో ఉప్పు పట్టాలని తినేస్తుంది. చీమకుర్తి వైపు తెలిసినవాళ్లుంటే గ్రానైట్ కోసేచోట పొడి దొరుకుద్ది, నల్లటి లోకో షెడ్డు నేలకి అంత బాగా ఇంకేదీ కుదరదు. కానీ ఏది తెచ్చినా ముందు కాయితం మీద పరిచి పైన అయస్కాంతం తిప్పండి. ఇసకలో, రాతి పొడిలో ఇనుము ఖనిజం నలుసులు ఉంటాయి, అవి మోటారులోని అయస్కాంతానికి పోయి అతుక్కుని దాన్ని పాడు చేస్తాయి. అయస్కాంతానికి ఏమీ అంటనిదాకా తిప్పాలి. ఆ తర్వాత కంకర పరిచి, బ్రష్షుతో స్లీపర్ల మధ్యకి సర్ది, ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఇంకు ఫిల్లర్‌తో చుక్క చుక్కగా వదలండి. ఆ లిక్విడ్ చుక్క లేకపోతే ఫెవికాల్ పైనే ఉండలు కడుతుంది. పాయింట్లు కదిలే ముక్కల దగ్గర జిగురు పడనివ్వొద్దు, పడితే ఆ పాయింటు ఇక కదలదు.

బొగ్గు కుప్పలకి ఇస్త్రీ బండి దగ్గర బొగ్గు రెండు ముక్కలు తెచ్చి గుడ్డలో పెట్టి దంచండి. షెడ్డు గోడలకి ఫోమ్ బోర్డు. ఏది కట్టినా లెక్క ఒకటే, అసలు మీటరుకి మనది పదకొండున్నర మిల్లీమీటర్లు. మనిషి రెండు సెంటీమీటర్లు, పదిమీటర్ల వేపచెట్టు పదకొండున్నర సెంటీమీటర్లు. షెడ్డు మొత్తం వద్దు, ఒక మూల గోడ, రెండు తలుపులు, ముందు బూడిద గుంట, ఇంజన్లకి నీళ్లు పట్టే కాలమ్ చాలు, మిగతాది గోడకి పెయింట్ చెయ్యండి.

దీనికన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, డబ్బు ఖర్చు లేనిది. మీ నాన్నగారితో పని చేసినవాళ్లు బిట్రగుంటలోనో కావలిలోనో ఒకరిద్దరు ఉండుంటారు. ఒక డ్రాయింగ్ షీటు, పెన్సిలు తీసుకుపోయి వాళ్లతో యార్డు గీయించుకోండి. ఏ లైను ఎటు పోయేది, బొగ్గు ఎక్కడ పోసేవాళ్లు, ఇంజన్ని ఎక్కడ తిప్పేవాళ్లు, గార్డు బ్రేకు వ్యాన్లు ఎక్కడుండేవి అన్నీ. ఆవిరింజన్లు పోయి షెడ్డు మూతపడింది, అప్పటి ఏర్పాటు ఇప్పుడు పోయి చూస్తే అర్థం కాదు. సోషల్ మాస్టారు కాబట్టి ఆ కాయితం విలువ మీకు నేను చెప్పక్కర్లేదు. ఫోన్లో వాళ్ల మాటలు కూడా రికార్డు చేసుకోండి.

ఆవిరింజను గురించి. మనవాళ్లు బ్రాడ్ గేజ్ మీద ఎక్కువగా నడిపినవి రెండు, పాసింజర్లకి 1947 నుంచి డబ్ల్యూపీ, గూడ్సులకి 1950 నుంచి డబ్ల్యూజీ. డబ్ల్యూపీలు 755, డబ్ల్యూజీలు 2450 తయారయ్యాయి. యార్డుకి మీకు కావాల్సింది డబ్ల్యూజీ లాంటిది. అచ్చంగా అదే మోడల్ కోసం వెతుకుతా కూర్చుంటే ఏళ్లు పడుతుంది, దొరికినా చేతితో చేసినవి కాబట్టి ధర బాగా ఉంటుంది. అమెరికా మికాడో అని హెచ్‌ఓలో సులువుగా దొరికే ఇంజను ఉంది, చక్రాల అమరిక డబ్ల్యూజీ లాగే 2-8-2, అంటే ముందు రెండు చిన్నవి, మధ్యలో ఎనిమిది పెద్దవి, వెనక రెండు చిన్నవి. టెండరుతో కలిపి అది మీ డీజిల్ కన్నా పొడుగు, కాబట్టి ఇవతలి పట్టా దానికి తగ్గట్టు కొలుచుకోండి. నల్ల రంగు వేసి, బఫర్లు తగిలించి, ముందు దీపం మార్చి, పేరుకి బిట్రగుంట స్టేషన్ కోడు బీటీటీఆర్ అని రాసుకుంటే మీ యార్డులో బాగా కలిసిపోద్ది. అదేం తప్పు కాదు, మన మొదటి డబ్ల్యూపీలు పదహారు అమెరికాలో బాల్డ్‌విన్ ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి, మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ కూడా 1962లో అక్కడి ఆల్కో నుంచే వచ్చింది. ఒక విషయం మాత్రం ఇప్పుడే మనసులో సర్దుకోండి. మన గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలి, కానీ హెచ్‌ఓ పట్టాలు 16.5 మిల్లీమీటర్లే, విదేశీ 1435 గేజ్‌కి చేసినవి. మన ఇంజను మోడల్ ఎంత బాగా చేసినా చక్రాలు కొంచెం దగ్గరగా కనపడతాయి. రైల్వే ఇంట్లో పెరిగిన కన్ను కాబట్టి మీకు వెంటనే తెలిసిపోద్ది. హెచ్‌ఓలో మన రైళ్లు చేసేవాళ్లు దాదాపు అందరూ ఆ తేడాతోనే నడుపుతున్నారు.

ఇంట్లో అన్న మాటల గురించి. బొమ్మలు అనటంలో ఆమె తప్పేం లేదు, బొమ్మల షాపులో చూసిందే కదా ఎవరికైనా తెలిసేది. అమెరికాలో పెద్దవాళ్ల మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ 1935 నుంచి ఉంది, పుణె కొత్రూడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. పుణె దాకా పోలేకపోతే ఒక ఆదివారం ఇద్దరూ చెన్నై పెరంబూరు రైల్ మ్యూజియంకి పోయి రండి, పాత ఇంజన్ల పక్కన నిలబడి మీ నాన్నగారు ఏ చోట నిలబడి బొగ్గు ఎగదోసేవాళ్లో ఆమెకి చూపించండి. ఆ చూపించటం చాలా అవసరమని నాకు అనిపిస్తుంది. మీరు కట్టబోయేది ఎవరి కోసమో ఆమెకి ఇప్పటిదాకా చెప్పుండరు.

డబ్బు విషయంలో మాత్రం ఆమె భయం నిజమైనది, తేలిగ్గా తీసెయ్యొద్దు. ఈ హాబీలో రెండు రకాలవాళ్లుంటారు, కొని అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లు, నడిపేవాళ్లు. కొనటం మొదలైతే దానికి అంతు లేదు. పైగా బయట దేశం నుంచి పార్సిల్ తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా పడుతుంది, తెప్పించే ముందు ఇప్పటి రేటు చూసుకోండి. రిటైర్మెంట్ డబ్బు ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి. నెలకి ఇంత అని ఆమెతో కూర్చుని ఒక అంకె అనుకుని, అది దాటకుండా, నోటుపుస్తకంలో రాసుకుంటా కొనండి. యార్డు ఆరు నెలలు ఆగకుండా నడిచిందాకా రెండో ఇంజను వద్దు. ఆన్‌లైన్లో సెకండ్ హ్యాండ్ కొంటే ఇంజను నెమ్మదిగా నడిచే వీడియో అడగండి, స్పీడుగా పోయే వీడియోలో ఏదీ తెలీదు. వాడనప్పుడు వాటి డబ్బాల్లోనే సిలికా జెల్ పొట్లాలేసి పెట్టండి, కలరా ఉండలు మాత్రం వెయ్యొద్దు, ఆ ఆవిరికి ప్లాస్టిక్ మెత్తబడి పాడవుతుంది.

చివరిగా డిజిటల్ అడిగారు. మామూలు డీసీలో పట్టాల్లోకి పోయే వోల్టేజీని పెంచి తగ్గించి ఇంజన్ని నడుపుతాం, ఆ పట్టా మీద రెండు ఇంజన్లుంటే రెండూ కదులుతాయి. డిజిటల్‌లో, అంటే డీసీసీలో, పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, దాంతో పాటే ఆర్డర్లు పోతాయి, ప్రతి ఇంజనులో ఒక డీకోడర్ చిప్పు ఉండి తన నంబరుకి వచ్చిన ఆర్డరే వింటుంది. పెద్ద లేఅవుట్‌లో నాలుగైదు ఇంజన్లు ఒకేసారి తిప్పేవాళ్లకి అది చాలా బాగుంటుంది. మీ యార్డులో పని చేసేది ఒక్క ఇంజనే. రేపు కొనబోయే మికాడో మీద డీసీసీ రెడీ అని ఉంటే తీసుకోండి, తర్వాతెప్పుడైనా చిప్పు పెట్టుకోవచ్చు. ఇప్పటికి డిజిటల్ కంట్రోలర్ డబ్బులు మిగల్చండి, అందులో మీకు మంచి పాయింట్లు రెండూ వస్తాయి, ప్లైవుడ్డూ వస్తుంది.